బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, పీ53 కనిపిస్తే ఎలా చదవాలి

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు, ప్రొద్దుటూరులో ఇంటర్ పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా జువాలజీ చెప్పుకుంటున్నవాణ్ని. ట్రాన్స్‌క్రిప్షన్ పాఠం (జీన్‌లో ఉన్నదాన్ని కణం నకలు తీసుకొని వాడుకునే పని) ఏటా చెప్తాను, బోర్డు మీద డీఎన్‌ఏ బొమ్మ కళ్లు మూసుకొని గీస్తాను. అట్లాంటి నేను, మా చిన్నమ్మ రొమ్ము గడ్డ రిపోర్టు చేతికొచ్చిన రోజు ఆసుపత్రి బయట వేపచెట్టు కింద కూర్చొని నాలుగుసార్లు చదివి కూడా, అందులో ఉన్న ఈఆర్, పీఆర్ అనే అక్షరాలకూ నేను చెప్పే పాఠానికీ సంబంధం ఉందని గుర్తుపట్టలేదు. "ఏం రాసినారు నాయనా దాంట్లో?" అని చిన్నమ్మ అడిగితే "డాక్టరు చెప్తాడులే చిన్నమ్మా" అని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ మడిచిన కాగితంలో ఒక తప్పు ఉంది, దాన్ని మేం రెండు వారాలు నిజమనుకున్నాం. మీకు అట్లా జరగకూడదని రాస్తున్నా.

గడ్డ కేన్సరా కాదా అన్నది మొదటి బయాప్సీ రిపోర్టులో వచ్చేస్తుంది. ఈ అక్షరాలన్నీ ఉండేది ఆ తర్వాత వచ్చే ఐహెచ్‌సీ పేజీలో, అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ. గడ్డ ముక్కను ఉల్లిపొర కంటే పల్చగా కోసి, ఫలానా ప్రోటీన్ ఉందా లేదా అని రంగు వేసి చూస్తారు, ఉన్నచోట మామూలుగా గోధుమ రంగు తేలుతుంది. ఆ పేజీలో కనిపించే పేర్లలో కొన్ని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లే. పాఠ్యపుస్తకం భాషలో అనులేఖన కారకాలు. ఆ మాటను పిల్లలతో బట్టీ పట్టించిన పాపం నాదే, కానీ అది విని అర్థమైనవాళ్లను ఇంతవరకు చూడలేదు.

మా పొలం చాపాడు దగ్గర కేసీ కెనాల్ కింద ఉంది కాబట్టి నేను దీన్ని ఇట్లా అర్థం చేసుకున్నాను. కాలువలో నీళ్లు అందరికీ ఒకటే, ఏ తూము ఎప్పుడు తీయాలి, ఎంతసేపు వదలాలి అన్నది మాత్రం కాలువ నీళ్లు వదిలే ఉద్యోగి లస్కరు చేతిలో ఉంటుంది. మన ఒంట్లో కంటి కణానికీ కాలేయం కణానికీ ఉన్నవి అవే జీన్లు, దాదాపు 20,000. ఏ తూము తెరిచి ఉంది, ఏది మూసి ఉంది అన్నదాంట్లోనే తేడా అంతా. జీన్ ముందుండే డీఎన్‌ఏ జాగాకు అతుక్కొని ఆ తూము తీసే, మూసే ప్రోటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. మనిషిలో సుమారు 1,600 రకాలున్నాయి. కేన్సర్ కణంలో ఈ లస్కర్లలో కొందరు రేయింబగళ్లు గేటు ఎత్తే ఉంచుతారు, ఆపాల్సినవాడు కనపడకుండా పోతాడు, ఎప్పుడో చిన్నప్పుడు మూసేసిన తూములు కూడా మళ్లీ తెరుచుకుంటాయి. గడ్డ పెరగడమైనా, పక్క అవయవానికి పాకడమైనా చివరికి వచ్చి తగిలేది ఇక్కడే.

రిపోర్టు కంటే ముందు సీసా చూడండి

మీ ఇంట్లో ఎవరికైనా ఇంకా బయాప్సీ కాలేదంటే ఈ భాగం తప్పకుండా చదవండి. చిన్నమ్మకు మొదట గడ్డ తీసింది ఒక చిన్న నర్సింగ్‌హోంలో. తీసిన గడ్డను సెలైన్‌లో వేసి మా చేతికిచ్చారు, మేం రాత్రి బస్సులో హైదరాబాద్ ల్యాబ్‌కు పట్టుకుపోయాం, తెల్లారి పది గంటలకు గానీ ఇవ్వలేదు. రిపోర్టులో ఈఆర్ సున్నా అని వచ్చింది. అంటే హార్మోన్ మాత్రలు పనిచేయవు, కీమో తప్ప దారి లేదు అనుకున్నాం.

కణాలను ఉన్నవి ఉన్నట్టు పట్టి ఉంచేది ఫార్మలిన్, సెలైన్ కాదు. సెలైన్‌లో రాత్రంతా నానితే ముక్క లోపలి ప్రోటీన్లు చెడిపోతాయి, ఉన్న ఈఆర్ కూడా లేనట్టు కనిపించవచ్చు. అందుకే ఆపరేషన్‌కు ముందే అడగండి, మొహమాటపడొద్దు: "సార్, ముక్కను పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేస్తారు కదా?" గడ్డ తీసిన గంటలోపు అందులో పడాలి. ముక్క ఎంతుంటే ఫార్మలిన్ దానికి కనీసం పదింతలు ఉండాలి, పెద్ద గడ్డయితే లోపలికి మందు ఎక్కేలా కోసి వేయాలి. మొత్తం మీద 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలకు మించకుండా అందులో ఉండాలి. ఇంకొకటి, సీసా మీద పేరు, వయసు, ఏ వైపు రొమ్ము, తీసిన టైము రాశారా లేదా అని మీ కళ్లతో చూసుకోండి. సీసా పట్టుకొని బస్సెక్కేది మీరే కదా.

పరీక్ష అయ్యాక ఆ ముక్కను మైనం దిమ్మలో ఉంచుతారు, బ్లాక్ అంటారు. అది ఎక్కడుందో తెలుసుకొని పెట్టుకోండి, ఎందుకంటే మనవాళ్లు కర్నూలులో మొదలుపెట్టి తిరుపతి, వేలూరు, బెంగళూరు అని తిరుగుతారు, ప్రతి చోటా మొదట అడిగేది బ్లాక్‌నే. తీసుకుపోయేటప్పుడు ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. మైనం అరవై డిగ్రీల దగ్గర కరుగుతుంది, మన మే నెలలో మూసిన కారు లోపలి సంగతి మీకు తెలియంది కాదు.

ఈఆర్ వరుస

ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్. పేరులో రిసెప్టర్ అని ఉన్నా ఇది కణం గోడ మీద ఉండే తలుపు లాంటిది కాదు, న్యూక్లియస్‌లో పనిచేసే అచ్చమైన ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. ఈస్ట్రోజెన్ హార్మోన్ దీనికి ఆఫీసు నుంచి వచ్చే ఆర్డరు కాగితం. కాగితం చేతిలో పడగానే పోయి కణం విభజన చెందే తూములు తీస్తుంది. రొమ్ము కేన్సర్లలో పదింటికి ఏడు దాకా ఈ లస్కరు మీద ఆధారపడి పెరిగేవే. పీఆర్ అంటే ప్రొజెస్టెరోన్ రిసెప్టర్, ఇది కూడా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే, పైగా దీన్ని తయారు చేయించేదే ఈఆర్. కాబట్టి పీఆర్ కూడా పాజిటివ్ వస్తే ఈఆర్ ఊరికే కూర్చోలేదు, నిజంగా పనిచేస్తోందని ఒక సాక్ష్యం అనుకోవచ్చు.

ఈ వరుసలో మూడు చూడాలి. మొదటిది శాతం: నూరు కేన్సర్ కణాల్లో ఎన్నింటి న్యూక్లియస్‌కు రంగు ఎక్కింది. ఒక శాతం, ఆపైన ఉంటే పాజిటివ్ కింద లెక్క, 1 నుంచి 10 మధ్య ఉంటే లో పాజిటివ్ అని విడిగా రాస్తారు, దాని గురించి డాక్టర్‌తో విడిగా మాట్లాడాలి. రెండోది రంగు గాఢత, 1 నుంచి 3 వరకు. కొందరు ఈ రెండూ కలిపి ఆల్‌రెడ్ స్కోరు ఇస్తారు, ఎనిమిదికి. ఉదాహరణకు 90 శాతం కణాలకు గాఢంగా రంగు ఎక్కితే 5 ప్లస్ 3, ఎనిమిదికి ఎనిమిది. 40 శాతం కణాలకు మధ్యస్థంగా ఎక్కితే 4 ప్లస్ 2, ఆరు. మూడు, ఆపైన పాజిటివ్.

మూడోదే మేం చూడనిది. ఇంటర్నల్ కంట్రోల్ అని చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. గడ్డ పక్కనే ఉండే మామూలు రొమ్ము నాళాల కణాల్లో కూడా ఈఆర్ ఉంటుంది, అవి రంగు పట్టాలి. కేన్సర్ కణాలకు రంగు లేదు, పక్కనున్న మంచి కణాలకు కూడా లేదు అంటే పరీక్షే ఫెయిలయిందని అర్థం, దాన్ని నెగటివ్ అనడానికి లేదు. చిన్నమ్మ రిపోర్టులో ఆ లైను "నాట్ స్టెయిన్డ్" అనే ఉంది! పెద్దాసుపత్రిలో పాథాలజిస్టు మేడం కాగితం చూడగానే ఆ లైను మీద వేలు పెట్టి, "దీన్ని పక్కన పెట్టండి, మళ్లీ చేద్దాం" అనింది. అక్కడ రెండో ఆపరేషన్‌లో చంకలో గడ్డలు (లింఫ్ నోడ్లు) తీశారు, వాటిని సరిగ్గా ఫార్మలిన్‌లో వేశారు, ఈఆర్ 90 శాతం వచ్చింది. నెగటివ్ అని రాసి, ఇంటర్నల్ కంట్రోల్ గురించి ఒక్క ముక్క కూడా లేకపోతే అడగండి. అడిగితే కోపగించుకునే డాక్టర్లు నాకు ఇంతవరకు ఒక్కరే తగిలారు.

అదే పేజీలో హెర్-2, కేఐ-67 అని రెండు పేర్లుంటాయి. ఇవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు కావు. హెర్-2 కణానికి పెరగమనే కబురు అందుకునే ప్రోటీన్, కణం పైపొర మీద ఉంటుంది, 0, 1+, 2+, 3+ అని ఇస్తారు, 2+ అయితే తేలనట్టు, జీన్‌నే నేరుగా చూసే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి. ఇక్కడి 3+ కూ ఈఆర్ గాఢత 3 కూ సంబంధం లేదు, చాలామంది వీటిని కలిపేసి కంగారు పడతారు. కేఐ-67 నూటికి ఎన్ని కణాలు విభజన దారిలో ఉన్నాయో చెప్తుంది, అంతే. జర్మనీలోని కీల్ అనే ఊళ్లో కనిపెట్టారు కాబట్టి ఆ పేరు.

పీ53 దగ్గర పాజిటివ్ అంటే సంబరపడొద్దు

పీ53 కథ వేరే. 1979లో దీన్ని కనుక్కున్నప్పుడు కేన్సర్‌ను పెంచేదే అనుకున్నారు, పదేళ్లకు తెలిసింది తలకిందులని: ఇది కాపలాదారు. డీఎన్‌ఏకు దెబ్బ తగిలితే, అంటే కాలువకు గండి పడితే, పీ53 పరుగెత్తి పీ21 అనే జీన్ తూము తీస్తుంది, దాంతో కణం విభజన ఆగుతుంది, గండి పూడ్చుకునే టైము దొరుకుతుంది. పూడ్చలేనంత పెద్దదైతే ఆ కణమే చచ్చిపోయే జీన్లను తెరుస్తుంది. మనుషుల కేన్సర్లలో దాదాపు సగంలో ఈ జీన్ పాడై ఉంటుంది. ఏనుగుకు అంత పెద్ద ఒళ్లున్నా కేన్సర్ తక్కువ ఎందుకని చూస్తే, మనకు ఒక జత ఉన్నచోట దానికి ఈ జీన్ జతలు ఇరవై దాకా ఉన్నాయని 2015లో తేలింది. ఈ ముక్క చెప్తే క్లాసులో వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

మామూలు కణంలో పీ53ని ఎండీఎం2 అనే ప్రోటీన్ ఎప్పటికప్పుడు, అరగంట కూడా నిలవనీయకుండా విరగ్గొట్టేస్తుంటుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న పీ53 రంగు పరీక్షలో అక్కడొకటి ఇక్కడొకటి, లేతగా కనిపిస్తుంది. దాన్ని వైల్డ్ టైప్ అని రాస్తారు, ఆ మాట చూసి భయపడకండి, మంచిదే. పాడైన పీ53 అంత త్వరగా విరగదు, కణాలన్నింటిలో పేరుకుపోయి ముదురు గోధుమ రంగు కొడుతుంది. అది పాజిటివ్ అని రాసినా మంచి కబురు కాదు. ఇంకో రకం పాడులో ప్రోటీన్ బొత్తిగా తయారే కాదు, ఒక్క కేన్సర్ కణానికీ రంగు ఎక్కదు, దాన్ని నల్ ప్యాటర్న్ అంటారు, అది కూడా పాడైనట్టే. కాబట్టి పీ53 దగ్గర పాజిటివ్, నెగటివ్ అనే మాటలు వదిలేసి వైల్డ్ టైపా, మ్యూటెంటా అని అడగండి.

వేరే కేన్సర్ల రిపోర్టుల్లో కనిపించేవి ఇంకొన్ని గబగబా చెప్పేస్తాను. టీటీఎఫ్-1, సీడీఎక్స్-2, గాటా-3, పాక్స్-8, సాక్స్-10, పీ40, ఎన్‌కేఎక్స్ 3.1, ఇవన్నీ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లే, కానీ వీటిని చూసేది గడ్డ సొంతూరు ఏదో కనుక్కోడానికి. మెడలో గడ్డ వచ్చింది, అసలు ఎక్కడ పుట్టిందో తెలియదనుకోండి. టీటీఎఫ్-1 పాజిటివ్ అయితే ఊపిరితిత్తి లేదా థైరాయిడ్ వైపు చూస్తారు. సీడీఎక్స్-2 అయితే పేగు, గాటా-3 అయితే రొమ్ము లేదా మూత్రాశయం, పాక్స్-8 అయితే కిడ్నీ, అండాశయం, థైరాయిడ్, ఎన్‌కేఎక్స్ 3.1 అయితే ప్రోస్టేట్. కణం ఎంత దూరం వలస పోయినా యాస పోగొట్టుకోదు, మనం హైదరాబాద్‌లో నోరు తెరిస్తే సీమ అని పట్టేసినట్టే. మగవాళ్లలో ప్రోస్టేట్ కోసం రక్తంలో చూసే పీఎస్ఏ పరీక్ష కూడా దీనికి చుట్టమే, పీఎస్ఏ జీన్ తూము తీసేది ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. లింఫోమా (లింఫ్ కణాల కేన్సర్) రిపోర్టులో ఎంవైసీ అని ఉంటే మాత్రం ఆగి చదవండి, అది కణాన్ని పెరుగు, పెరుగు అని తరిమే ఫ్యాక్టర్, ఆ జీన్ జాగా మారిందేమో ఫిష్ పరీక్షలో చూశారా అని అడగాలి.

పాకడం సంగతి రిపోర్టులో ఎందుకు ఉండదు

అందరూ అడిగే ప్రశ్న ఇదే, "పాకుతుందా సార్?" పాకడానికి కూడా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లే కారణమవుతాయి, స్నెయిల్, స్లగ్, ట్విస్ట్, జెబ్ అని పేర్లు. స్నెయిల్, ట్విస్ట్‌లను మొదట పండ్ల ఈగ పిల్లల్లో చూశారు, ఆ ఈగల పని చేసినందుకే నుస్లైన్-ఫోల్హార్డ్, వీషాస్‌లకు 1995లో నోబెల్ వచ్చింది. తల్లి కడుపులో పిండం తయారయ్యేటప్పుడు కణాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచిపోవాలి, ఆ నడక నడిపించేవి ఇవే. పెద్దయ్యాక చాలావరకు మూతబడతాయి. కేన్సర్ కణం వాటిని మళ్లీ తెరుస్తుంది. తెరిస్తే ఏమవుతుంది? కణానికీ కణానికీ మధ్య సున్నంలా పట్టి ఉంచే ఈ-కెడ్హెరిన్ అనే ప్రోటీన్ తయారీ ఆగిపోతుంది, నాపరాయి గోడలో సున్నం రాలిపోతే రాయి కదిలినట్టు కణం విడిపోయి రక్తంలోకి జారుకుంటుంది. 2004లో ఎలుకల రొమ్ము కేన్సర్ కణాల్లో ట్విస్ట్‌ను అణిచేసి చూస్తే ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గింది. గడ్డ మధ్యలో ప్రాణవాయువు చాలకపోతే హెచ్ఐఎఫ్-1 అనే ఇంకో ఫ్యాక్టర్ లేచి కొత్త రక్తనాళాలు తెప్పించుకుంటుంది, ఆక్సిజన్ తగ్గితే కణం ఎట్లా పసిగడుతుందో కనుక్కున్న ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు.

ఇంత తెలిసినా ఐహెచ్‌సీ పేజీలో స్నెయిల్, ట్విస్ట్ కనిపించవు. కణం వేరే చోట స్థిరపడ్డాక వీటిని మళ్లీ మూసేసుకుంటుంది కాబట్టి ఒక్క ముక్కలో ఒక్క రోజు చూసిన రంగును బట్టి జాతకం చెప్పలేరు, పైగా వీటిని ఆపే మాత్ర కూడా ఇంకా చేతికి రాలేదు. కాబట్టి పాకిందా లేదా అని తెలుసుకోడానికి చూడాల్సింది చంక గడ్డలెన్ని, వాటిలో కేన్సర్ ఉన్నవి ఎన్ని, స్కానులో ఏముంది అన్నవే.

యూట్యూబ్‌లో ఫలానా ఆకు, ఫలానా గింజ "ఎన్ఎఫ్-కేబీని ఆపుతుంది, కేన్సర్ పోతుంది" అని చెప్పేవాళ్లుంటారు. ఎన్ఎఫ్-కేబీ నిజమైన ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే, పసుపులోని కర్క్యుమిన్ గాజు పళ్లెంలో పెంచిన కణాల్లో దాన్ని తగ్గించడం కూడా నిజమే. కానీ తిన్న కర్క్యుమిన్ రక్తంలోకి ఎక్కేది చాలా తక్కువ, ఎక్కింది కూడా త్వరగా విరిగిపోతుంది. మైదుకూరు పక్కన పసుపు పండించిన ఇంట్లో పుట్టినవాణ్ని, పసుపు మీద నాకేం పగ లేదు, కూరలో వేసుకోండి.

మాత్ర దగ్గరికొస్తే

ఈఆర్ పాజిటివ్ అయితే ఇచ్చే మందులు మూడు దారుల్లో పనిచేస్తాయి, మీకు ఏది ఇచ్చారో చీటీలో చూసుకోండి. టామాక్సిఫెన్ లస్కరు చేతిలో నకిలీ కాగితం పెడుతుంది, అసలు ఆర్డరు పట్టుకునే చోటు ఉండదు. దీన్ని పిల్లలు పుట్టకుండా ఆపే మందుగా చేయబోయి విఫలమయ్యారు, చివరికి 1977లో అమెరికాలో రొమ్ము కేన్సర్‌కు అనుమతి వచ్చింది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ ఆర్డరు టైపు చేసే ఆఫీసునే మూసేస్తాయి, ముట్లుడిగిన వాళ్లకు ఇవి ఇస్తారు. ఫుల్వెస్ట్రెంట్ ఇంజెక్షన్ లస్కరునే ఉద్యోగంలోంచి తీసేస్తుంది. జబ్బు పాకాక, లెట్రోజోల్ లాంటివి చాన్నాళ్లు వాడాక కొందరిలో ఈఆర్ జీన్ మారిపోయి ఆర్డరు లేకుండానే గేటు తీస్తుంది, ఈఎస్ఆర్1 మ్యూటేషన్ అంటారు, మందు పనిచేయడం మానేస్తే ఆ పరీక్ష గురించి అడగొచ్చు.

ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ను పట్టుకుంటే ఎంత పనవుతుందో చూడాలంటే ఏపీఎల్ అనే రక్తకేన్సర్ చూడాలి. అందులో రెండు జీన్లు అతుక్కుపోయి పీఎంఎల్-రారా అనే వంకర ఫ్యాక్టర్ పుడుతుంది. విటమిన్ ఏ రూపమైన ఒక మందు, దాంతో ఆర్సెనిక్, అవును, మన పాత వైద్యంలో పాషాణం అనేదే, ఆ రెండూ కలిపి ఆసుపత్రిలో ఇస్తే ఆ ఫ్యాక్టర్ విరిగిపోతుంది. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన జబ్బు, ఇప్పుడు సమయానికి చేరినవాళ్లలో చాలామందికి నయమవుతోంది.

ఇక టామాక్సిఫెన్ వాడేవాళ్లు డిప్రెషన్‌కు పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ వాడుతుంటే తప్పకుండా డాక్టర్‌కు చెప్పండి, అవి టామాక్సిఫెన్‌ను కాలేయంలో అసలైన మందుగా మారనివ్వవు. ముట్లుడిగాక మళ్లీ రక్తస్రావం కనిపించినా, కాలు వాచి నొప్పి పుట్టినా వెంటనే చెప్పాలి. ఒక రోజు మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి.

చిన్నమ్మకు లెట్రోజోల్ ఇచ్చారు, ఐదేళ్లు. నాలుగో నెలలో మోకాళ్లు, వేళ్ల కణుపులు పట్టేశాయి, మాతో చెప్పకుండా మూడు వారాలు మానేసింది. అడిగితే "గడ్డ తీసేసినారు కదా నాయనా, మల్లా మాత్ర ఎందుకు?" అంటుంది. లస్కరు ఇంకా ఎక్కడో మిగిలి ఉండొచ్చు, కాగితం అందితే గేటు ఎత్తుతాడు అని చెప్తే అప్పటికి ఊరుకుంది, కాలువ కింద బతికిన మనిషి కదా. డాక్టర్‌కు చెప్తే అదే కోవలో ఇంకో మాత్రకు మార్చాడు, ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ చేయించమన్నాడు, నొప్పి పూర్తిగా పోలేదు గానీ నడుస్తోంది. ఇప్పుడు మాత్ర వేసుకున్న రోజు క్యాలెండర్‌లో గీత గీస్తుంది. రివ్యూకు పోయేటప్పుడు ఆ క్యాలెండర్ కాగితం, రెండు ఐహెచ్‌సీ రిపోర్టులూ (తప్పుదైనా సరే పారేయకండి), బ్లాక్ నంబరు, వాడే మందులన్నింటి చీటీ ఒకే ఫైల్లో పెట్టుకొని పోతాం.